ఉప్పు నీళ్ళు తినేసే లారీ పార్టులు: ఏది ఎలా చూడాలి, ఎప్పుడు మార్చాలి

కొత్త లారీతో ఇచ్చే సర్వీసు పుస్తకంలో ఏ పార్టు ఎన్ని కిలోమీటర్లకి మార్చాలో రాసి ఉంటుంది. ఆ లెక్క తప్పు కాదు, కానీ ఆకివీడు, ఉండి, భీమవరం, నరసాపురం వైపు చేపలూ రొయ్యలూ ఎత్తే బండికి అది సరిపోదు. ఐసు కరిగిన నీళ్ళు రాత్రంతా ఛాసిస్ (బండి కింది చట్రం) మీద కారుతూనే ఉంటాయి, చెరువు గట్టు ఎక్కితే చక్రాలకి ఉప్పు బురద, 216 హైవే మీద పోతే సముద్రపు గాలి. మండపేటలో బియ్యం ఎత్తే బండీ, మన చేపల బండీ ఒకే ఏడు కొన్నవైనా కింద దూరి చూస్తే ఒకే వయసువి అనిపించవు. అందుకే కిలోమీటర్లు ఎన్ని అయ్యాయని చూసేకంటే ముందు చేత్తో పట్టుకుని చూడటం అలవాటు చేసుకోండి.

మొదట కడగడం. లోడు దించిన రోజే ఛాసిస్, కమాను కట్టలు (యాక్సిల్ దగ్గర బరువు మోసే స్ప్రింగు పట్టీలు), బ్రేక్ బూస్టర్ల (గాలి ఒత్తిడితో బ్రేకుని నెట్టే డబ్బాల) చుట్టూ మంచినీళ్ళతో కడగాలి. మన దగ్గర చాలా ఊళ్ళలో బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే ఉప్పు మీద ఉప్పు పూసినట్టే, కాబట్టి కాలువ నీళ్ళు దొరికే చోట కడిగించండి. ప్రెషర్ గన్ను హబ్ (చక్రం మధ్య భాగం) సీళ్ళ మీదకీ, వైరింగ్ సాకెట్ల మీదకీ నేరుగా కొట్టనివ్వద్దు. కడిగాక కమాను కట్ట చివర ఉండే షాకిల్ పిన్నులకీ, ముందు చక్రాలు పక్కలకి తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్నులకీ గ్రీజు కొట్టాలి, పాత గ్రీజుతో పాటు నీళ్ళు కూడా బయటకి వచ్చేదాకా. ఏ నిప్పిల్‌లోకైనా (గ్రీజు ఎక్కించే చిన్న మూతి) గ్రీజు ఎక్కకపోతే పక్కదానికి వెళ్ళిపోకుండా ఆ నిప్పిల్ విప్పి మార్చండి. గ్రీజు అందని పిన్నే ముందు అరుగుతుంది.

జాకీ వేసేటప్పుడు ఒక్క మాట. మన రోడ్ల మార్జిన్లు నల్లమట్టి, వాన పడితే జాకీ అలా దిగిపోతుంది. కింద మందపాటి చెక్క దిమ్మ, మిగతా చక్రాలకి ముందూ వెనకా అడ్డాలు, యాక్సిల్ కింద స్టాండు, ఈ మూడూ లేకుండా బండి కిందకి ఎవరూ దూరకూడదు. క్లీనర్ కుర్రాడిని అసలు దూరనివ్వద్దు.

ఇక బ్రేకులు, ఇవి గాలి ఒత్తిడితో పనిచేస్తాయి. రోజూ పొద్దున్నే ఎయిర్ ట్యాంకుల కింద డ్రెయిన్ వాల్వులు లాగండి. డ్రయ్యర్ (గాలిలో తేమ పీల్చేది) ఉన్న బండిలో కూడా రోజూ నీళ్ళు పడుతున్నాయంటే దాని కాట్రిడ్జి అయిపోయినట్టు, మార్చాలి. నేను వానలు మొదలయ్యేలోపే ఏటా మార్చేస్తాను. నీళ్ళతో పాటు నల్లగా నూనె వస్తే మాత్రం కంప్రెసర్ నూనె వదులుతోందని అర్థం, ముందు దాని పని చూడకుండా కొత్త కాట్రిడ్జి వేస్తే అది కూడా పాడవుతుంది. గాలి లీకు చూడటానికి అడ్డాలు పెట్టి, గేజి నిండాక ఇంజిన్ ఆపి, బ్రేకు గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టుకోండి. తొక్కగానే ముల్లు కాస్త పడటం మామూలే, ఆ తర్వాత కూడా దిగుతూనే ఉంటే ఒకరు తొక్కి పట్టుకుని ఇంకొకరు కింద సబ్బు నీళ్ళు రాస్తూ ఎక్కడ బుడగలొస్తున్నాయో చూడాలి.

లైనింగు (బ్రేకు షూల మీద ఉండి డ్రమ్ముకి రాసుకునే పొర) రివిట్ తల దాకా అరిగేవరకూ ఆగకండి, రివిట్ తగిలిందంటే డ్రమ్ము కూడా గాడి పడుతుంది. ఒక పక్కే అరిగినా ఆ యాక్సిల్‌కి రెండు పక్కలా మార్చాలి, లేకపోతే తొక్కినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది. అసలు ఒక పక్కే ఎందుకు అరిగిందో చూడకుండా కొత్తవి వేస్తే ఆ డబ్బు నీళ్ళపాలే. చాలాసార్లు క్యామ్ (షూలని డ్రమ్ము వైపు నెట్టేది) బుష్షు వదులవడమో, రిటర్న్ స్ప్రింగు తుప్పు పట్టి సాగిపోవడమో కారణం. షూలు విప్పినప్పుడే స్ప్రింగులు కూడా కొత్తవి వేసేయండి. డ్రమ్ముకి లోతు పగుళ్ళుంటే లేతు పట్టించొద్దు, మార్చాల్సిందే. ఎంత వరకు లేతు పట్టించవచ్చో చాలా డ్రమ్ముల మీద పోతలోనే అంకె ఉంటుంది. లైనింగుకి గ్రీజో నూనో అంటితే పెట్రోలుతో కడిగి మళ్ళీ వేయడం మన దగ్గర చాలామంది చేస్తారు, అది ప్రమాదం, లోపలికి ఇంకిన నూనె వేడికి మళ్ళీ బయటకి వస్తుంది. సీలు మార్చి, లైనింగు కూడా మార్చండి. డ్రమ్ములో పొడిని గాలితో ఊదొద్దు, తడి గుడ్డతో తుడవండి. పాత రకం లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని పాడు చేస్తుంది.

మామూలు స్లాక్ అడ్జస్టర్ (బ్రేకు వదులు సరిచేసేది) అయితే చక్రం లేపి, షూలు డ్రమ్ముకి తగిలేదాకా బిగించి, చక్రం ఫ్రీగా తిరిగేంత మేర వెనక్కి తిప్పాలి. ఆటో అడ్జస్టర్ ఉన్న బండిలో మాటిమాటికీ చేత్తో బిగించాల్సి వస్తోందంటే అది పాడైందో, క్యామ్ దగ్గర ఏదో అరిగిందో ఉంటుంది, బిగిస్తూ కాలం గడపొద్దు. ఇంకోటి, పార్కింగ్ బ్రేకు బూస్టర్ లోపల చాలా బలమైన స్ప్రింగు అణచిపెట్టి ఉంటుంది. దాన్ని కేజింగ్ బోల్టుతో (స్ప్రింగుని అణచి పట్టుకునే బోల్టు) లాక్ చేయకుండా క్లాంపు విప్పితే ఎదురుగా ఉన్న మనిషి ప్రాణం పోతుంది. తుప్పు పట్టిన బూస్టర్ని అసలు విప్పొద్దు, మొత్తంగా మార్చేయండి.

స్టీరింగు ఊగుతోందంటే చాలామంది నేరుగా కింగ్ పిన్ మార్పిస్తారు. ముందు ఈ చిన్న పరీక్ష చేయండి. ముందు చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. వదులు తెలిస్తే ఒకరిని కాలి బ్రేకు తొక్కమని మళ్ళీ ఊపండి. బ్రేకు తొక్కగానే వదులు పోతే అది హబ్ బేరింగు, తొక్కినా ఉంటే కింగ్ పిన్ను. రెండిటి ఖర్చుకీ చాలా తేడా ఉంది.

హబ్ విప్పితే గ్రీజు రంగు చూడండి, పాలలా తెల్లబడితే నీళ్ళు దిగాయని గుర్తు. పాతదంతా కడిగేసి కొత్తది పెట్టాలి, పాతదాని మీద పూయకూడదు. అలాగని హబ్ నిండా కుక్కినా వేడెక్కుతుంది. బేరింగు మారిస్తే బయటి కప్పు కూడా మార్చాలి. విప్పిన ప్రతిసారీ ఆయిల్ సీలు కొత్తదే వేయాలి. నట్టు బిగించేటప్పుడు చక్రం తిప్పుతూ బిగించి, పుస్తకంలో చెప్పినంత వెనక్కి వదలండి.

కమాను కట్టల దగ్గర నాకు తగిలిన దెబ్బ చెబుతాను. ఏడెనిమిదేళ్ళ కింద వెనక మెయిన్ ప్లేటు విరిగితే ఒక షెడ్డులో మార్పించాను. కట్టని యాక్సిల్‌కి బిగించే యు బోల్టులు పాతవే వేశారు, లోడుతో కొంత దూరం పోయాక మళ్ళీ బిగించాలని వాళ్ళూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తుని దాటాక బండి ఒక పక్కకి లాగడం మొదలెట్టింది, దిగి చూస్తే కట్టలోని ప్లేట్లని కలిపి పట్టే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ ఒక పక్క వెనక్కి జరిగిపోయింది. బండి నిండా చేపలు, ఐసు కరుగుతోంది, ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తే. యు బోల్టులు ఒకసారి బిగిస్తే సాగుతాయి, కాబట్టి కట్ట విప్పినప్పుడు కొత్తవే వేయించండి. చక్రాలు నేల మీద ఉండగా, నాలుగు నట్లూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. మొదటి లోడు ట్రిప్పులో మళ్ళీ పానా పట్టాలి. విరిగిన ప్లేటుకి వెల్డింగు పెట్టించొద్దు, ఆ వేడికి దాని పదును పోతుంది. స్టీరింగు రాడ్లకి అసలే వద్దు. ఛాసిస్‌కి ఎక్కడైనా వెల్డింగు తప్పదంటే ముందు బ్యాటరీ తీగలు, ఇంజిన్ కంట్రోలర్ సాకెట్లు విప్పించండి.

ఫిల్టర్ల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. కోతల రోజుల్లో రైసు మిల్లుల దగ్గర తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది, ఇండికేటర్ ఎర్రగా చూపిస్తే మార్చండి, దులిపి మళ్ళీ పెట్టొద్దు. డీజిల్ ఫిల్టర్ కింద నీళ్ళు వదలడం వానాకాలంలో మర్చిపోకండి.

సామాను కొనేటప్పుడు పాత పీసు, ఛాసిస్ నంబరు రెండూ పట్టుకెళ్ళండి, ఒకే మోడల్‌లో కూడా 2020 ముందు బండికీ తర్వాత వచ్చిన బీఎస్6 (పొగ కాలుష్యం మీద కొత్త ప్రమాణం) బండికీ చాలా పార్టులు కలవవు. బిల్లు లేకుండా సగం ధరకి వస్తోందని బ్రేకు, స్టీరింగు సామాను మాత్రం తీసుకోకండి. మార్చిన తేదీ, కిలోమీటర్లు, ఏ పక్క మార్చారో క్యాబిన్‌లో ఒక పుస్తకంలో రాయండి. ఎనిమిదేళ్ళు దాటిన బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది కదా, ఆ ముందు రోజు పరిగెత్తకుండా ఈ పుస్తకం పనికొస్తుంది.

చక్రం విప్పి ఎక్కించిన బండికి యాభై నుంచి వంద కిలోమీటర్ల లోపు వీల్ నట్లు మళ్ళీ బిగించాలి. ఆకివీడులో లోడెత్తి వైజాగ్ వైపు పోయే రోజైతే నేను సిద్ధాంతం బ్రిడ్జి దాటి రావులపాలెంలో ఆపుతాను. టీ చెప్పి, అది వచ్చేలోపు అన్ని చక్రాలకీ ఒకసారి పానా వేసి, హబ్ మీద చెయ్యి పెట్టి చూస్తాను. మిగతా వాటికంటే ఒక హబ్ బాగా వేడిగా ఉంటే బండి అక్కడి నుంచి కదపను.