పాత స్పోర్ట్స్ కారుకు కుదుపు తగ్గించే టైర్లు ఎలా ఎంచుకోవాలి?

మా బావ హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న బీఎమ్‌డబ్ల్యూ జెడ్4ని నిరుడు సంక్రాంతికి అమలాపురం తెచ్చాడు. రెండే సీట్లు, పైకప్పు తెరుచుకుంటుంది. కొబ్బరి చెట్ల మధ్య ఆ కారు ఎంత ముచ్చటగా ఉందో! రావులపాలెం దాకా హైవే మీద హాయిగా వచ్చారు. అక్కడ కాలువ పక్క రోడ్డులోకి తిరిగినప్పటి నుంచీ కష్టాలు మొదలయ్యాయి. ఇంటికి రాగానే అక్క నడుం పట్టుకుని, "ఇంకోసారి ఇందులో ఎక్కమంటే నేను బస్సుకొస్తాను" అంది.

మన డెల్టాది వానకి ఉబ్బి ఎండకి కుంగే బంకమట్టి నేల. దాని మీద రోడ్డు ఎంత బాగా వేసినా కొన్నాళ్లకి అలలు తేలుతుంది. దుక్కుల కాలంలో కేజ్ వీల్స్‌తోనే (బురదలో దున్నడానికి వేసే ఇనప చక్రాలు) రోడ్డెక్కే ట్రాక్టర్లు, ఊరికి నాలుగు స్పీడ్ బ్రేకర్లు వీటికి తోడు. ఇలాంటి రోడ్ల మీద పాత స్పోర్ట్స్ కారు సుఖంగా నడవాలంటే ఏ కంపెనీ టైరు అన్నది చివరి ప్రశ్న. అంతకుముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి.

తప్పు టైరుదేనా?

డబ్బు ఖర్చు పెట్టేముందు గాలి చూడండి. డ్రైవర్ డోరు తెరిస్తే పక్కన ఒక స్టిక్కర్ ఉంటుంది. ముందు, వెనక చక్రాలకి ఎంత గాలి ఉండాలో దాని మీద రాసి ఉంటుంది. తెల్లవారుజామున, బండి కదలకముందు, సొంత గేజితో కొలవండి. టైరు వేడెక్కాక కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది.

తర్వాత సస్పెన్షన్. కారు మూలని గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒకసారి లేచి ఆగిపోతే సరే, రెండు మూడుసార్లు ఊగితే షాక్ అబ్జార్బర్లు అయిపోయినట్టే. గతుకులో టకటకమని చప్పుడొస్తే బుష్‌లు, అంటే సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు ముక్కలు, చూపించాలి. పదిహేనేళ్ల కారులో రబ్బరు బుష్‌లు ఎండిపోవడం మామూలే. ఇవి పాడైన కారుకి ఎంత మంచి టైరు వేసినా కుదుపు పోదు.

పాత టైరు మీద రాసింది చదవండి

బావ కారు ముందు టైర్ల మీద 225/40 ఆర్18 అని ఉంది. 225 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 40 అంటే ఆ వెడల్పులో 40 శాతం సైడ్‌వాల్ (రిమ్ము నుంచి రోడ్డుకి ఆనే భాగం దాకా ఉండే టైరు పక్క గోడ) ఎత్తు, అంటే 90 మిల్లీమీటర్లు. 18 రిమ్ము అంగుళాలు. వెనక టైర్లు 255/35 ఆర్18, అంటే సైడ్‌వాల్ అక్కడా దాదాపు 89 మిల్లీమీటర్లే.

నాలుగు వేళ్లు దగ్గరగా పెట్టి టైరు పక్కన ఆనించి చూడండి, ఆ ఎత్తు ఎంత తక్కువో తెలుస్తుంది. గతుకుకీ రిమ్ముకీ మధ్య ఉన్నది అంతే. రోడ్డు దెబ్బని ముందుగా మింగేది ఆ సైడ్‌వాలే. అది పొట్టిదైతే దెబ్బ రిమ్ముకి, రిమ్ము నుంచి నడుముకి తగులుతుంది.

సైజు పక్కన 91డబ్ల్యూ లాంటిది ఇంకొకటి ఉంటుంది. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోయగలదని, డబ్ల్యూ అంటే గంటకి 270 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందని. మనం అంత వేగం వెళ్లం నిజమే, కానీ మీ కారుకి కంపెనీ చెప్పిన అంకె, అక్షరం కంటే కిందికి దిగొద్దు.

రన్‌ఫ్లాట్ అవునో కాదో చూడండి

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. ఆ తరం జెడ్4 లాంటి కార్లు రన్‌ఫ్లాట్ టైర్లతో వచ్చాయి, స్టెప్నీ ఉండదు. గాలి మొత్తం పోయినా గంటకి 80 కిలోమీటర్లు మించకుండా సుమారు 80 కిలోమీటర్లు నడిచేలా వాటి సైడ్‌వాల్‌ని మందంగా, బిగువుగా చేస్తారు. గాలి ఉన్నప్పుడు కూడా ఆ బిగువు తగ్గదు కదా, అందుకే కుదుపు. సైడ్‌వాల్ మీద ఆర్‌ఎఫ్‌టీ, ఆర్‌ఓఎఫ్, జడ్‌పీ, ఎస్‌ఎస్‌ఆర్ లాంటి అక్షరాలుంటే అది రన్‌ఫ్లాటే.

మామూలు టైర్లకి మారితే హాయి వెంటనే తెలుస్తుంది. కానీ నాలుగూ మార్చాలి, రెండు అవీ రెండు ఇవీ వేస్తే కారు వంపుల్లో ఒకలా, బ్రేకు కొడితే ఇంకోలా పోతుంది. స్టెప్నీ లేదు కాబట్టి డిక్కీలో పంక్చరు కిట్టు, 12 వోల్టుల కంప్రెసర్ తప్పనిసరి. రాత్రి పది దాటాక కాలువ గట్టు మీద పంక్చరైతే షాపు దొరకడం కష్టం. ఇంటి దగ్గరే ఒకసారి కంప్రెసర్ పెట్టి గాలి కొట్టడం అలవాటు చేసుకోండి.

రిమ్ము ఒక అంగుళం తగ్గించవచ్చా?

వీలైతే తగ్గించండి. డోరు స్టిక్కర్ మీద లేదా మాన్యువల్‌లో చిన్న సైజు కూడా రాసి ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు. బావ కారుకి 225/45 ఆర్17 కూడా రాసి ఉంది. దాని సైడ్‌వాల్ 101 మిల్లీమీటర్లు, అంటే 11 మిల్లీమీటర్ల రబ్బరు ఎక్కువ. చక్రం మొత్తం ఎత్తు మాత్రం 637 నుంచి 634కి వస్తుంది, స్పీడోమీటర్‌కి తేడా తెలియదు. పైగా ఈ సైజు సులువుగా దొరుకుతుంది, నాలుగు చక్రాలూ ఒకటే సైజు కాబట్టి ముందువి వెనక్కి మార్చుకోవచ్చు, గుంతలో పడితే రిమ్ము వంకరపోయే భయం తగ్గుతుంది.

కొనేముందు చిన్న రిమ్ముని ముందు చక్రం స్థానంలో బిగించి చేత్తో తిప్పి చూడండి. బ్రేకు కాలిపర్‌కి, అంటే డిస్కుని పట్టి ఆపే భాగానికి, ఎక్కడా తగలకూడదు.

రిమ్ము అలాగే ఉంచి 225/45 ఆర్18 వేద్దామని కొందరు సలహా ఇస్తారు. అప్పుడు చక్రం 22 మిల్లీమీటర్లు పెరుగుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపల రాసుకోవచ్చు, స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది. నేనైతే ఒప్పుకోను.

రకం ఎంచుకోండి, వానని మరవకండి

ఒకే కంపెనీ ఒకే సైజులో రెండు స్వభావాల టైర్లు చేస్తుంది. మిషెలిన్‌లో ప్రైమసీ సుఖానికి, పైలట్ స్పోర్ట్ వేగానికి. కాంటినెంటల్‌లో కంఫర్ట్‌కాంటాక్ట్, స్పోర్ట్‌కాంటాక్ట్. యొకొహామాలో అడ్వాన్ డెసిబెల్ చప్పుడు లేకుండా నడవడానికి చేసింది. స్పోర్ట్స్ కారు కదా అని స్పోర్ట్ టైరే వెయ్యాలని లేదు.

అయితే మెత్తదనం కోసం తడి పట్టుని వదులుకోవద్దు. మన దగ్గర జూలై నుంచి రోడ్డు మీద నీళ్లు నిలుస్తాయి, చేపల లారీల నుంచి కారే నీళ్లు భీమవరం వైపు ఏడాది పొడుగునా ఉంటాయి. టైరు వెడల్పయిన కొద్దీ నీటి మీద తేలిపోయే ప్రమాదం ఎక్కువ. చుట్టూ నిలువుగా మూడు నాలుగు లోతైన గాడులున్న డిజైన్ తీసుకోండి. చట్టం ప్రకారం గాడి 1.6 మిల్లీమీటర్ల దాకా అరగవచ్చు. వెడల్పు టైరున్న కారుకి 3 మిల్లీమీటర్లకే మార్చడం మంచిది.

షాపులో తేదీ చూడందే డబ్బివ్వకండి

మేం వెళ్లిన ఒక షాపులో నాలుగు టైర్లు తక్కువ ధరకి చూపించారు. "ఆయ్, గ్రిప్పు నిండుగా ఉందండి, కొత్తవే" అన్నాడు కుర్రాడు. బావ గొంతుక్కూర్చుని తడిగుడ్డతో సైడ్‌వాల్ తుడిచాడు. దుమ్ము కింద కోడిగుడ్డు ఆకారంలో గీసిన గడిలో 1216 అని ఉంది. అంటే 2016లో పన్నెండో వారం. టైరుని బొటనవేలితో వంచితే గాడి అడుగున వెంట్రుకల్లాంటి పగుళ్లు తెరుచుకున్నాయి. ఒక్క కిలోమీటరు నడవని టైరైనా మన ఎండలకి రబ్బరు గట్టిపడిపోతుంది. గట్టి రబ్బరుకి సుఖమూ ఉండదు, తడిలో పట్టూ ఉండదు.

ఏడాది లోపు తయారైనవే అడగండి. ఐఎస్‌ఐ గుర్తు కూడా ఉండాలి. 2020 జూన్ నుంచి టైర్ల దిగుమతి మీద ఆంక్షలున్నాయి కాబట్టి అరుదైన సైజులు వెంటనే దొరకకపోవచ్చు. నాలుగూ ఒకేసారి ఆర్డరిచ్చి ఆగడమే నయం.

బిగించాక

బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అదే రోజు చేయించండి. టైరు మీద అవుట్‌సైడ్ అని రాసి ఉంటే ఆ వైపే బయటికి రావాలి. బాణం గుర్తుంటే చక్రం ముందుకి తిరిగే వైపుకి ఉండాలి.

మాకు కొత్త టైర్లతో మొదటి రోజు కూడా కుదుపు తగ్గలేదు. టెన్షన్ పడి గేజి పెడితే 42 పీఎస్‌ఐ ఉంది. బిగించేటప్పుడు కొట్టిన గాలి షాపువాళ్లు తగ్గించలేదు. స్టిక్కర్ మీద ఉన్నంతకి తగ్గించగానే కారు మారిపోయింది.

కొత్త రబ్బరు మీద నునుపు పోయేదాకా రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి. మొదటి వంద కిలోమీటర్లు కాగానే బోల్టులు టార్క్ రెంచితో (ఎంత బిగువు కావాలో అంతకే బిగించే రెంచి) మళ్లీ సరిచూడాలి. బావా అక్కా అంతర్వేది వెళ్లొచ్చి ఆ వందా పూర్తి చేశారు. తిరిగి రాగానే రెంచి పెట్టి చూస్తే ఎడమవైపు వెనక చక్రానికి రెండు బోల్టులు పావు చుట్టు తిరిగాయి.