ర్యాంకును కాదు, పరీక్ష రాయడాన్ని ఊహించుకోండి

గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షలకో చదువుతున్నవాళ్లకు ఒక చిట్కా. ర్యాంకు వచ్చేసినట్టు, ఇంట్లో అందరూ సంబరపడుతున్నట్టు ఊహించుకుంటే హాయిగానే ఉంటుంది గానీ, దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. అమెరికాలో కాలేజీ విద్యార్థులపై జరిపిన ఒక అధ్యయనం 1999లో వచ్చింది. మంచి మార్కులు వచ్చినట్టు ఊహించుకున్నవాళ్లకన్నా, తాము కూర్చుని చదువుతున్నట్టు ఊహించుకున్నవాళ్లే పరీక్షలో మెరుగ్గా రాశారు.

కాబట్టి కళ్లు మూసుకుని పనినే చూడండి. హాల్‌టికెట్ బల్ల మీద పెట్టారు. ఓఎంఆర్ షీటులో నంబరు రాసి గడులు దిద్దుతున్నారు. ప్రశ్నపత్రం తెరిస్తే మొదటి మూడు ప్రశ్నలూ తెలియనివే! గుండె దడదడలాడుతుంది. అప్పుడేం చేస్తారు? ఊపిరి నిదానంగా వదిలి, ఆ మూడింటికీ గుర్తు పెట్టుకుని నాలుగో ప్రశ్నకు వెళ్తారు. ఈ ముక్క తప్పకుండా ఊహించుకోండి, నా దృష్టిలో అసలు ఉపయోగం ఇక్కడే ఉంది.

ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ ఇలాంటి ఇబ్బందులను కూడా ముందే మనసులో సాధన చేసేవాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్లో అతని కళ్లద్దాల్లోకి నీళ్లు చేరాయి, చివరికొచ్చేసరికి గోడ కనపడలేదు. అయినా కంగారుపడకుండా, ఎన్నిసార్లు చేతులు వేస్తే గోడ వస్తుందో లెక్కపెట్టుకుంటూ ఈది, ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచాడు.

రోజుకు ఐదు నిమిషాలు చాలు. పడుకునే ముందు కన్నా, పుస్తకం తెరవబోయే ముందు చేస్తే మంచిది. కళ్లు తెరవగానే చదువు మొదలుపెట్టేయొచ్చు.