గల్ఫ్ నుంచి వచ్చి శ్రీకాకుళం, విజయనగరంలో కంప్యూటర్ సైన్స్ చదవాలనుకునేవారికి

వేసవి మొదలయ్యేసరికి శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో పెద్ద పెద్ద ట్రాలీ పెట్టెలతో దిగే కుటుంబాలు కనిపిస్తాయి. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లలో కుటుంబాన్ని దగ్గర పెట్టుకోగలిగినవాళ్లు కొందరే. పిల్లలకి పన్నెండో తరగతి అయిపోయేసరికి ఆ కొందరికీ ఒకటే బెంగ. అక్కడి యూనివర్సిటీ ఫీజులు తట్టుకోలేరు, ఇక్కడ ఏ కాలేజీలో వేయాలో తెలీదు. చుట్టాలని అడిగితే అందరి నోటా ఒకటే మాట, సీఎస్ఈ, అంటే కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్. ఈ సూచనలు అలా వచ్చిన తల్లిదండ్రులకి, అంతకన్నా ముఖ్యంగా సెలవులకి తప్ప ఈ ఊళ్ల మొహం చూడని ఆ పిల్లలకి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బ్రాంచి పేరు, కాలేజీ గేటు చూసి లక్షలు పోసేకన్నా, పిల్లకి రోజూ కుదురుగా కూర్చుని ప్రోగ్రాములు రాసుకునే టైము ఎక్కడ దొరుకుతుందో చూడండి. కంప్యూటర్ సైన్స్ వినడం వల్ల వచ్చే చదువు కాదు. ఆ టైము మిగలని చోట ఎంత మంచి సీటు వచ్చినా లాభం లేదు.

అక్కడ ఉండగానే చేసుకోవాల్సిన పనులు

విమానం ఎక్కకముందే కాగితాలు సరిచూసుకోవాలి. మావైపు వచ్చే తలనొప్పుల్లో మొదటిది పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు చివర ఉంటుంది, ఆధార్‌లో ముందు ఉంటుంది, మార్కుల జాబితాలో ఒట్టి పొడి అక్షరం ఉంటుంది. తండ్రి పేరుదీ అదే గొడవ. కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్లు చూసేవాళ్లు ఒక్కోసారి దీని దగ్గరే ఆపేస్తారు. పదో తరగతి మార్కుల జాబితాలో ఎలా ఉందో అదే అసలు పేరు అనుకుని, మిగతావి దానికి తగ్గట్టు మార్పించుకోవడం తేలిక.

టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్, మూడు నాలుగేళ్ల స్టడీ సర్టిఫికెట్లు స్కూల్ నుంచి తెచ్చుకోండి. టీసీ మీద ఏ ముద్రలు కావాలో స్కూల్ ఆఫీసులోనే అడిగి వేయించండి. ఇక్కడికొచ్చాక ఒక్క ముద్ర కోసం మస్కట్‌లో ఎవరినో బతిమాలుకోవాలి. సీబీఎస్ఈ చదివితే బోర్డు గురించి ఇబ్బంది లేదు. బ్రిటిష్ సిలబస్‌లో ఏ లెవెల్స్ చేసినవాళ్లు మాత్రం భారత విశ్వవిద్యాలయాల సంఘం, అంటే ఏఐయూ, ఇచ్చే సమానత్వ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. దానికి టైము పడుతుంది.

ఇంకొకటి చాలామందికి తెలీదు. దాసా అనే పథకం కింద ఎన్ఐటీల్లో, మరికొన్ని కేంద్ర సంస్థల్లో విదేశాల్లో చదివిన పిల్లలకి విడిగా సీట్లుంటాయి. అందులో గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకి సీఐడబ్ల్యూజీ అని మళ్లీ ఒక కోటా. దాంట్లో ట్యూషన్ ఫీజు దాసాలోని మిగతావాళ్లకంటే బాగా తక్కువ, ఇక్కడి పిల్లలు కట్టేదే. సీట్లు జేఈఈ మెయిన్ ర్యాంకు మీద ఇస్తారు. ఆ పరీక్షకి గల్ఫ్ నగరాల్లోనూ సెంటర్లుంటాయి. కాకపోతే పన్నెండో తరగతి అక్కడే పాసై ఉండాలి. "ప్లస్ టూకి ఊరు పంపించేద్దాం, ఇక్కడ కోచింగ్ బాగుంటుంది" అని పదకొండులో పిల్లాణ్ణి తెచ్చి ఇక్కడ చేర్పించిన కుటుంబం ఈ అవకాశాన్ని చేజేతులా వదులుకున్నట్టే. తండ్రి ఉద్యోగం రుజువు చేసే కాగితాలు, రెసిడెన్స్ వీసా కాపీలు జాగ్రత్త చేసుకోండి. వీసా క్యాన్సిల్ చేయించుకునే తొందరలో వాటిని పారేస్తుంటారు.

ఈఏపీసెట్, లోకల్ గొడవ

రాష్ట్రంలో ఇంజినీరింగ్ సీట్లకి ఈఏపీసెట్ రాయాలి. 160 ప్రశ్నలు, 3 గంటలు. లెక్కలకే 80, ఫిజిక్స్‌కి 40, కెమిస్ట్రీకి 40. తప్పుకి మార్కులు కొయ్యరు కాబట్టి ఒక్కటి కూడా వదలకూడదు. గల్ఫ్‌లో సెంటర్లు ఉండవు. సాధారణంగా మేలో జరుగుతుంది, దరఖాస్తులు అంతకు చాలా ముందే మొదలవుతాయి. పన్నెండో తరగతి రిజల్ట్స్ వచ్చాక చూద్దాం అనుకుంటే ఆ ఏడాది పోయినట్టే.

"మాది తాతల నాటి నుంచీ టెక్కలే, మేం లోకల్ కాకపోవడం ఏటి?" అని ఒక తండ్రి హెల్ప్‌లైన్ సెంటర్లో గట్టిగా అడగడం విన్నాను. ఆయన బాధ నిజమే, కానీ రూలు ఊరిని బట్టి ఉండదు. అర్హత పరీక్షకి ముందు వరుసగా నాలుగేళ్లు పిల్లాడు ఎక్కడ చదివాడు, ఎక్కడ ఉన్నాడు అన్నదాన్నే చూస్తారు. నూటికి 85 సీట్లు లోకల్ వాళ్లవి. మిగిలిన 15లో పోటీపడాలంటే, రాష్ట్రం బయట ఉద్యోగం చేసిన కాలం తీసేశాక తల్లిదండ్రుల్లో ఒకరు మొత్తం పదేళ్లు ఇక్కడ ఉన్నట్టు ఎమ్మార్వో ఆఫీసు నుంచి సర్టిఫికెట్ ఉండాలి. పెళ్లికి ముందు ఊళ్లో ఉన్న ఏళ్లు లెక్కకొస్తాయి కాబట్టి మనవాళ్లలో ఎక్కువమందికి ఇది దొరుకుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందని మాత్రం ముందే లెక్కలు వేసుకోవద్దు.

ప్రైవేటు కాలేజీల్లో నూటికి 70 సీట్లు కన్వీనర్ కోటా, అంటే ర్యాంకుని బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చేవి, మిగతా 30 యాజమాన్యానివి. ఎన్నారై సీట్లు ఆ ముప్ఫైలోవే. గల్ఫ్ అనగానే ఫోన్లు వరుసగా మోగుతాయి. "అంకుల్, రెండే సీట్లున్నాయి, ఈ సాయంత్రంలోగా అడ్వాన్స్ కట్టేయండి" అంటాడు ఏజెంటు. నాకు తెలిసిన ఒక ఇంట్లో అలా కట్టారు. తర్వాత వాళ్ల అమ్మాయికి అదే కాలేజీలో కన్వీనర్ సీటు వచ్చింది. అడ్వాన్స్ వెనక్కి రాబట్టుకోవడానికి వాళ్ల నాన్నగారు తిరగని గది లేదు. రసీదు ఇవ్వనిచోట రూపాయి కూడా కట్టకండి.

ఏ డిగ్రీ

ఎంపీసీ, అంటే లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివి, లెక్కలంటే భయం లేకపోతే బీటెక్ నాలుగేళ్లు. సీఎస్ఈ పక్కన ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అని తోకలున్న బ్రాంచీలు ఇప్పుడు చాలా వచ్చాయి. వాటిని చూసి మోసపోనూ వద్దు, భయపడనూ వద్దు. డేటా స్ట్రక్చర్లు, డిస్క్రీట్ మ్యాథ్స్, డేటాబేస్‌లు, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్కులు ఎక్కడైనా చదవాల్సిందే. రెండూ ఒకే కాలేజీలో దొరికితే నేను ఒట్టి సీఎస్ఈనే తీసుకోమంటాను. పదిహేడేళ్ల పిల్లని ఇప్పుడే ఒక మూలకి నెట్టేయడం ఎందుకు?

సీఎస్ఈ రాకపోతే ఎలక్ట్రానిక్స్ బ్రాంచి ఈసీఈ తీసుకుని ప్రోగ్రామింగ్ పక్కన నేర్చుకున్నా నష్టం లేదు. సర్వీస్ కంపెనీలు క్యాంపస్‌కి వచ్చినప్పుడు బ్రాంచి పెద్దగా పట్టించుకోవు.

మన పరువు మర్యాదలు అడ్డొచ్చే చోటు బీఎస్సీ, బీసీఏ. "దుబాయ్‌లో చదివించి డిగ్రీ కాలేజీలో వేశారంట" అని ఎవరో అంటారని భయం. శ్రీకాకుళం ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో గానీ, విజయనగరం మహారాజా కాలేజీలో గానీ తక్కువ ఖర్చుతో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ చేసి, ఐసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల ఎంసీఏ చేసినవాళ్లు బీటెక్ వాళ్ల పక్క సీట్లోనే పనిచేస్తున్నారు. ఎన్ఐటీల్లో ఎంసీఏకి నిమ్‌సెట్ ఉంది. ఎంసీఏకి ఇంటర్‌లోనో డిగ్రీలోనో లెక్కలు ఉండాలని కొన్నిచోట్ల అడుగుతారు. కామర్స్ చదివి బీసీఏలో చేరేవాళ్లు ఇది ముందే చూసుకోవాలి.

దీనికి తోడుగా ఐఐటీ మద్రాసు ఆన్‌లైన్‌లో నడిపే డేటా సైన్స్ డిగ్రీ ఒకటుంది. జేఈఈ అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు విని, అసైన్‌మెంట్లు చేసి, క్వాలిఫయర్ పరీక్ష పాసవ్వాలి. పాఠాలు ఇంట్లో, పరీక్షలు సెంటర్లో. మధ్యలో ఆపినా అప్పటివరకు చదివిన మెట్టుకి సర్టిఫికెట్టో డిప్లొమానో ఇస్తారు. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి 2022 నుంచి యూజీసీ ఒప్పుకుంటోంది. ఇంటి దగ్గర డిగ్రీ కాలేజీ, పక్కన ఇది. కష్టపడే పిల్లకి ఓ మోస్తరు బీటెక్ సీటుకన్నా ఇదే మేలని నేననుకుంటాను. కష్టపడే పిల్ల అన్నాను, గమనించండి. ఎవరూ అటెండెన్స్ తీసుకోరు.

ఎచ్చెర్లలోని ట్రిపుల్ ఐటీ గురించి చాలామంది అడుగుతారు. అందులో పదో తరగతి మార్కులతో, పది తర్వాతే చేరాలి. ఆరేళ్ల కోర్సు. పన్నెండు అయినవాళ్లు దాన్ని మర్చిపోవచ్చు, తమ్ముడో చెల్లో ఉంటే గుర్తుపెట్టుకోవచ్చు.

డబ్బు కట్టేముందు ఒక పరీక్ష

ఎండాకాలం సెలవుల్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కాస్త నేర్పించి, ఇదిగో ఇలాంటి లెక్క ఇవ్వండి. పలాస నుంచి శ్రీకాకుళం వచ్చే బస్సులు పది, బయల్దేరే టైము, చేరే టైము రాసి ఇవ్వండి. తొమ్మిదిన్నరలోపు కాంప్లెక్సులో దిగాలంటే ఎక్కగలిగిన ఆఖరి బస్సు ఏదో చెప్పే ప్రోగ్రాం రాయమనండి. మొదట 9:30ని సంఖ్యగా ఎలా పెట్టాలో తెలీక తికమకపడతారు. నిమిషాల్లోకి మార్చుకోవచ్చని తడుతుంది. ఆ టైముకి ఏ బస్సూ లేకపోతే ప్రోగ్రాం ఏం చెప్పాలి అన్న ప్రశ్న ఆ తర్వాత వస్తుంది. ఎర్రర్ వచ్చినప్పుడు మొహం చూడండి. చిరాకు అందరికీ వస్తుంది. చిరాకుపడి కూడా మళ్లీ కూర్చుంటే ఈ చదువు పడుతుంది. నాలుగైదు రోజులైనా ల్యాప్‌టాప్ దగ్గరికే వెళ్లకపోతే, సీఎస్ఈ కావాలన్నది పిల్ల కోరికా మీ కోరికా అని ఒకసారి ఇంట్లో మాట్లాడుకోండి. బీకామో, ఎలక్ట్రికల్ బ్రాంచి ఈఈఈయో, మరొకటో సంతోషంగా చదివేవాళ్లని తెచ్చి ఇందులో కూర్చోబెడితే బ్యాక్‌లాగులు, అంటే తప్పిన సబ్జెక్టులు మిగులుతాయి.

కాలేజీ చూడటానికి వెళ్తే

విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ యూనివర్సిటీ కాలేజీ, చింతలవలసలో ఎంవీజీఆర్, రాజాంలో జీఎంఆర్ఐటీ, టెక్కలిలో ఐతం, ఇవి ఈ చుట్టుపక్కల ఎక్కువగా వినిపించే పేర్లు. ఎందులో చేరాలో ర్యాంకు చెబుతుంది. మీరు చూడాల్సింది వేరే. ల్యాబ్ సాయంత్రం ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందో రెండో సంవత్సరం పిల్లల్ని అడగండి, ఆఫీసులో అడగొద్దు. గోడ మీద ప్లేస్‌మెంట్ ఫొటోల్లో ఒకే పిల్లాడు రెండు మూడు కంపెనీల కింద నవ్వుతున్నాడేమో చూడండి. క్లాసులో ఎంతమంది, అందులో ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, జీతమెంత అని విడివిడిగా అడగండి.

ఇల్లు శ్రీకాకుళంలో తీసుకుని పిల్లని రాజాం బస్సెక్కిస్తే రానూపోనూ రోజుకి ఎంత పోతుందో ఒకసారి మీరే ఆ బస్సెక్కి చూడండి. ఆ టైమంతా ప్రోగ్రామింగ్‌లోంచి పోయిందే. హాస్టల్ అయితే టైము మిగులుతుంది, తిండి గొడవ వస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరు తిరిగొచ్చేసినట్టయితే కాలేజీకి దగ్గర్లో అద్దెకి ఉండటమే నా సలహా. ఇల్లు కొనడం తర్వాత చూసుకోవచ్చు.

మొదటి సెమిస్టర్

గల్ఫ్ స్కూళ్లలో చదివిన పిల్లలకి ఇక్కడ వింతగా అనిపించేది రికార్డు. కంప్యూటర్లో నడిపిన సీ ప్రోగ్రాముని మళ్లీ చేత్తో గీతల పుస్తకంలో రాయాలి. అవుట్‌పుట్ కూడా చేత్తోనే రాసి సంతకం పెట్టించుకోవాలి. ఇదేం అర్థంలేని పని అని మా పిల్లలూ అనుకుంటారు, నేనూ అనుకుంటాను. అయినా రాసేయమంటాను. మార్కులు దానికీ ఉన్నాయి, వైవాలో, అంటే నోటి పరీక్షలో, బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందుగా తిరగేసేదీ అదే. అటెండెన్స్ 75 శాతం తగ్గకుండా చూసుకోవాలి. సెమిస్టర్ మధ్యలో పెట్టే మిడ్ పరీక్షల్ని తేలిగ్గా తీసుకున్నవాళ్లకి సెమ్ చివర్లో టెన్షన్ తప్పదు.

సార్, మేడమ్ అనకుండా లెక్చరర్‌ని పేరుతో పిలిస్తే క్లాసంతా తిరిగి చూస్తుంది. సీనియర్లని అన్నా, అక్కా అంటే చాలు. "ఏటి బాబూ, ఎక్కడినుంచొచ్చేవు?" అని క్యాంటీన్లో అడిగితే అది పలకరింపు, దబాయింపు కాదు. తెలుగు తడబడితే నవ్వుతారు, నాలుగు రోజులకి వాళ్లే నేర్పుతారు. ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లలు ప్రాజెక్టు జట్టులో ఒకరికి ఇంటర్వ్యూ మాటలు నేర్పి, వాళ్ల దగ్గర లెక్కలు నేర్చుకున్న సందర్భాలు బోలెడు.

ల్యాప్‌టాప్ విషయంలో గేమింగ్‌ది కొనొద్దు. 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ, గట్టి బ్యాటరీ చాలు. మన తీరంలో తుపాను వస్తే కరెంటు రోజుల తరబడి పోతుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్లని అడిగితే చెబుతారు. రెండూ అక్టోబరులోనే వచ్చాయి, అక్టోబరు సెమిస్టర్ మధ్యలో పడుతుంది. ల్యాప్‌టాప్ పాడైనా రాసింది పోకుండా కోడ్‌ని ఆన్‌లైన్‌లో దాచే గిట్‌హబ్‌లో పెట్టడం మొదటి నెల నుంచే అలవాటు చేయండి.

ఉద్యోగం

క్యాంపస్‌లో ఎక్కువమందికి దొరికేది ఏడాదికి మూడున్నర లక్షల చుట్టుపక్కల జీతం. గల్ఫ్ దిర్హమ్‌లని రూపాయల్లోకి మార్చి చూసే అలవాటున్న ఇంట్లో అది చిన్నగా కనిపిస్తుంది. మూడో ఏడాదిలో ఇంటర్న్‌షిప్ చేసి, సొంతంగా కట్టిన ప్రాజెక్టు ఒకటి చూపించగలిగితే ఇంకా పైకి వెళ్లొచ్చు. గేట్ రాసి ఎంటెక్‌కి వెళ్లేవాళ్లు, బ్యాంకుల్లో ఐటీ ఆఫీసర్ పోస్టులకి చదివేవాళ్లు కూడా మావైపు తక్కువేం కాదు.

2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 15 బిలియన్ డాలర్ల ఏఐ హబ్ ప్రకటించాక ప్రతి ఇంట్లోనూ అదే మాట. డేటా సెంటర్లో ప్రోగ్రాములు రాసేవాళ్లకన్నా కరెంటు, చల్లదనం, నెట్‌వర్కు చూసేవాళ్లకే పని ఎక్కువ. ఆ కబురు విని సీఎస్ఈకి ఎగబడినవాళ్లు ఈఈఈ సీటు వైపు కూడా ఒకసారి చూడొచ్చు.

ఆఖరుగా వెబ్ ఆప్షన్లు, అంటే కౌన్సెలింగ్‌లో ఆన్‌లైన్‌లో పెట్టే కాలేజీల వరుస. మీకు నచ్చిన వరుసలోనే పెట్టండి. మన ర్యాంకుకి రాదులే అని మంచి కాలేజీని కిందకి నెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడి చేతికి పాస్‌వర్డ్ ఇచ్చి రాకండి. పక్కన కూర్చుని పెట్టించి, ఫ్రీజ్ చేసి, ఆ పేజీ ప్రింటు తీసుకున్నాకే లేవండి.