ట్యాంకు నిండితే కూసే అలారం, ఒక్క ట్రాన్సిస్టర్‌తో

మాది కావలి. మొన్న ఎండాకాలం మోటరేసి ఫోన్ చూస్కుంటా కూర్చున్నా, ట్యాంకు పొర్లి పక్కింటి పెద్దమ్మ ఆరబోసిన వడియాలన్నీ జావైపొయ్యాయి, రెండ్రోజులు మాటల్లేవు. ఆ దెబ్బకి చేశా ఇది.

బీసీ 547 ట్రాన్సిస్టర్ ఒకటి (రెండు కొనుక్కోండి, ఒకటి ఎట్టాగూ కాలుద్ది), 9 వోల్టుల బ్యాటరీ, దానికి క్లిప్పు, చిన్న బజర్, 1 కిలో ఓమ్ రెసిస్టర్, ట్యాంకు దాకా వచ్చేంత సన్న వైరు, రెండు స్టీలు స్క్రూలు. రాగి తీగ ముంచితే కొన్నాళ్లకి చిలుం పడద్ది, అందుకే స్టీలు.

ట్రాన్సిస్టర్ చదును మొహం మీవైపు, కాళ్లు కిందికి పెట్టి పట్టుకోండి. ఎడమది కలెక్టర్, మధ్యది బేస్, కుడిది ఎమిటర్. షాపాయన వేరే నంబర్ ఇస్తే కాళ్ల వరస మారొచ్చు, నేను ఇక్కడే ఒక సాయంత్రం పోగొట్టుకున్నా. మంచిదో కాదో చూడాలంటే మల్టీమీటర్‌ని డయోడ్ గుర్తు మీదికి తిప్పి ఎర్ర పిన్ను బేస్‌కి, నల్లది మిగతా రెండిటికీ ఒకదాని తర్వాత ఒకటి ఆనించండి, రెండుసార్లూ 0.6, 0.7 వోల్టుల దగ్గర్లో చూపియ్యాలి.

ఇంక కలపడమే. ఎమిటర్ బ్యాటరీ మైనస్‌కి. బజర్ ఎర్ర తీగ ప్లస్‌కి, నల్లది కలెక్టర్‌కి. బేస్‌కి రెసిస్టర్, దాన్నుంచి వైరు ఒక స్క్రూకి, రెండో స్క్రూ వైరు నేరుగా బ్యాటరీ ప్లస్‌కి. స్క్రూలు రెండూ ఒకే ఎత్తులో, అంగుళం ఎడంలో, పొర్లు గొట్టానికి నాలుగు వేళ్లు కింద బిగించండి. అడాప్టర్, మోటరు కరెంటు జోలికి మాత్రం పోవద్దు, బ్యాటరీ ఒక్కటే.

నీళ్లు రెండు స్క్రూలకీ తగిలితే వాటిగుండా బేస్‌లోకి పొయ్యే కరెంటు బొత్తిగా కాస్తే, దాంతో బజర్ మోగదు. కానీ పెన్నా కాలవ తూము దగ్గర ఒక్క మనిషి చక్రం తిప్పితే కాలవంతా పారినట్టు, ఆ కాస్త కరెంటే బ్యాటరీ నుంచి బజర్‌కి పొయ్యే పెద్ద కరెంటుకి దారి తీస్తది. మన బోర్ల ఉప్పునీళ్లు తాగడానికి పనికి రాకపోయినా దీనికి బ్రహ్మాండం, ఉప్పుంటే కరెంటు బాగా పోద్ది.

1947 డిసెంబర్‌లో అమెరికా బెల్ ల్యాబ్స్‌లో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెన్ జెర్మేనియం ముక్క మీద సన్నటి బంగారు రేకు మొనలు రెండు ఆనించి సాధించింది కూడా ఇదే, చిన్న కరెంటుతో పెద్దదాన్ని ఆడించడం. వాళ్లిద్దరికీ, వాళ్ల బృందానికి పెద్ద విలియం షాక్లీకీ కలిపి 1956లో నోబెల్ ఇచ్చారు. అంతకుముందు రేడియోల్లో ఈ పని చేసేవి వాల్వులనే గాజు బుడ్లు, అవి వేడెక్కిందాకా పాట రాదు, మోసుకెళ్లడమూ కష్టమే. ఇదొచ్చాక రేడియో సెల్లులతో చేతికొచ్చింది, అందుకే మా తాత రేడియో అనేవాడు కాదు, "ట్రాన్సిస్టర్ యాడ పెట్టావురా" అనేవాడు, చేలోకి భుజానేసుకుని పొయ్యేవాడు. తీరంలో వేటకి పొయ్యేవాళ్లకి తుఫాను కబురు చెప్పిందీ ఆ డబ్బానే.

నీళ్లు తగలనంతసేపు కరెంటు దాదాపు లాగదు, కాబట్టి బ్యాటరీ చాన్నాళ్లొస్తది. నెలకోసారి గ్లాసుడు నీళ్లలో స్క్రూలు ముంచి చూడండి, కుయ్యిమనాలి, సన్నగా మూలిగితే బ్యాటరీ మార్చండి.