యూ-బూట్‌లో యూఎస్‌బీ వేగం – 3వ పాఠం: ఆ 5 మిల్లీసెకన్లు

బోర్డు ఆన్ కాగానే ఆపరేటింగ్ సిస్టమ్‌ను లోడ్ చేసే చిన్న ప్రోగ్రామే యూ-బూట్. పోయిన పాఠంలో సీరియల్ కేబుల్ తగిలించి, యూ-బూట్ ప్రాంప్ట్ దగ్గర కమాండ్ ముందు ‘టైమ్’ చేర్చి కొలవడం నేర్చుకున్నాం. ఆ అంకెలు రాసుకున్న నోట్‌బుక్ పక్కనే పెట్టుకోండి. ఈరోజు యూ-బూట్‌లో పెన్‌డ్రైవ్‌తో మాట్లాడే భాగం, అంటే డ్రైవర్ కోడ్ తెరుస్తున్నాం.

పెన్‌డ్రైవ్ నుంచి ఏది చదవాలన్నా మూడు అడుగులు. బోర్డు 31 బైట్ల కమాండ్ పంపుతుంది. డ్రైవ్ డేటా ఇస్తుంది. చివరికి 13 బైట్ల స్టేటస్ వస్తుంది. పాత యూ-బూట్‌లో కమాండ్‌కీ డేటాకీ మధ్య 5 మిల్లీసెకన్ల డిలే ఉండేది, అదీ ప్రతిసారీ.

ఐదే కదా అనిపిస్తుంది. కాగితం మీద లెక్క వేయండి. ఆ పాత డ్రైవర్ ఒక్కసారికి 20 బ్లాకులే అడుగుతుంది. బ్లాకు 512 బైట్లు కాబట్టి మొత్తం 10,240 బైట్లు. 10 ఎంబీ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ అసలు భాగం) లోడ్ కావాలంటే 1,024 సార్లు అడగాలి. 1,024ని 5తో గుణిస్తే 5,120 మిల్లీసెకన్లు. సెకనుకు 20 ఎంబీ ఇవ్వగల డ్రైవ్ అర సెకనులో ముగించే పనికి, అదనంగా ఐదు సెకన్లు ఊరికే నిలబడుతున్నాం!

తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంట్లో ఆదివారం పూట కూర్చునే పిల్లల్లో ఒకడు వెంటనే అడిగాడు: “ఆ లైన్ తీసేస్తే సరిపోతుంది కదన్నా?”

ఒకప్పుడు నేనూ అదే చేశాను. ఆ 5తో పాటు, రీసెట్ ఫంక్షన్‌లో మూడు చోట్ల ఉన్న 150 మిల్లీసెకన్ల డిలేలు కూడా ఒకే దెబ్బకు తీసేశాను. నా పెన్‌డ్రైవ్ పరుగెత్తింది. మిత్రుడు తెచ్చిన పాత పెన్‌డ్రైవ్ పెడితే బోర్డు అక్కడే ఆగిపోయింది. నాలుగు మార్పులు కలిపి చేశాను కాబట్టి తప్పు ఎక్కడుందో తేల్చడానికి ఒక పూట పట్టింది. అందుకే చెబుతున్నాను, ఒకసారికి ఒక్క డిలేనే ముట్టుకోండి.

అసలు ఆ 5 ఎందుకు పెట్టి ఉంటారు? కొన్ని డ్రైవ్‌లు కరెంటు అందగానే జవాబివ్వలేవు, లోపలి కంట్రోలర్ తేరుకోవాలి. అంటే ఆగాల్సింది డ్రైవ్ సిద్ధమయ్యేదాకే. అలిపిరి దగ్గర బస్సును ఒకసారి తనిఖీ చేసి వదులుతారు, ఆ తర్వాత ఘాట్ రోడ్డులో ప్రతి మలుపు దగ్గరా సామాన్లు దింపించరు కదా. మన కోడ్ చేస్తున్నది సరిగ్గా ఆ మలుపు మలుపు తనిఖీయే.

కాబట్టి ముందు డ్రైవ్‌నే అడుగుదాం. ‘టెస్ట్ యూనిట్ రెడీ’ అనే స్కజీ (డ్రైవ్‌లతో మాట్లాడే కమాండ్ల భాష) కమాండ్ ఉన్నది ఇందుకే. అది పాస్ అయితే ‘యూఎస్‌బీ రెడీ’ ఫ్లాగ్ పెట్టండి, అంటే సిద్ధంగా ఉందన్న గుర్తు. డిలే ఉన్న చోట, ఆ ఫ్లాగ్ లేకపోతేనే ఆగమని రాయండి. చదవడంలో ఎర్రర్ వస్తే ఫ్లాగ్ తీసేయాలి, ఇది చాలామంది మరిచిపోతారు. యూ-బూట్‌లో 2012లో ఈ పద్ధతి వచ్చింది. మీ బోర్డుతో వచ్చిన కోడ్ అంతకంటే పాతదైతే మీరే చేర్చుకోవాలి.

ఇదే చోట ఇంకో ఆదా ఉంది. నాలుగు స్లాట్ల కార్డ్ రీడర్ పెట్టి చూడండి. రెడీ కాని ప్రతి స్లాట్‌నూ డ్రైవర్ 100 మిల్లీసెకన్లకోసారి మళ్లీ అడుగుతుంది, అలా సుమారు పది సార్లు. ఖాళీ స్లాట్ ఒక్కోదానికి సెకను పైనే పోతుంది. అయితే డ్రైవ్ తన కారణం కూడా చెబుతుంది. ఆ జవాబులో సెన్స్ కీ (కారణం ఏ రకమో చెప్పే అంకె) 2, దాని వెంట వచ్చే అదనపు కోడ్ హెక్సాలో 3ఏ అయితే లోపల కార్డు లేదని అర్థం. ఎంత ఆగినా కార్డు దానంతట అది రాదు, వెంటనే వెనక్కి వచ్చేయండి. కోడ్ 04 అయితే మాత్రం ఓపిక పట్టాలి, హార్డ్ డిస్క్ ఇంకా తిరగడం మొదలుపెడుతూ ఉండొచ్చు.

డివైస్ తగిలించాక కనెక్షన్ నిలకడగా ఉందో లేదో చూసే 100 మిల్లీసెకన్ల జోలికి వెళ్లకండి. అది యూఎస్‌బీ ప్రమాణంలోనే ఉంది. మనుషుల ప్రాణాల కోసం పెట్టిన, వాహనం తిరుమల కొండెక్కడానికి కనీసం 28 నిమిషాలు పట్టాలన్న నిబంధన లాంటిదది.

ఇంటిపని: ఫ్లాగ్ చేర్చకముందు, చేర్చాక ఒకే ఫైలు మూడేసి సార్లు లోడ్ చేసి సమయాలు రాయండి. ఇంట్లో దొరికే అన్నిటికంటే పాత పెన్‌డ్రైవ్‌తో కూడా చేయండి. వచ్చే పాఠంలో ఆ 20 బ్లాకుల పరిమితి సంగతి చూద్దాం.