అద్దాలు తుడిచే పనికి తొలి మనిషి: జీతం ఎలా కట్టాలి

"నెలకా మేడమ్, రోజుకా?" అని అడిగాడు కుర్రాడు. విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర స్కూటరుకు మడత నిచ్చెన కట్టుకుంటున్నాను అప్పుడు. వైపరు ఎలా పట్టుకోవాలో, గుడ్డ ఎలా పిండాలో అరగంట చెప్పాను గానీ, జీతం ఏ పద్ధతిలో ఇవ్వాలన్నది నేనే ఆలోచించుకోలేదు. "ముందు పని చూద్దాం, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను. మీరు మాత్రం అలా అనకండి. ఆ మాట్లాడుకోవడం తెమలడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఈలోగా మంచి కస్టమరు ఒకావిడ చేజారిపోయారు.

బీచ్ రోడ్డులో ఒక హోటల్లో తొమ్మిదేళ్లు హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరుగా చేసి, ఇళ్లకు వెళ్లి కిటికీ అద్దాలు తుడిచే ఈ పనిలోకి దిగాను. రెండేళ్లు ఒక్కదాన్నే తుడిచాను. మనిషిని పెట్టుకోవాలని మీకూ అనిపిస్తుంటే ముందు పాత డైరీ తీయండి. చేసిన పనులు అందులో ఎలాగూ ఉంటాయి. కావలసింది కాదన్న పనుల లెక్క. "ఈ వారం ఖాళీ లేదండీ" అని ఎన్ని ఇళ్లకు చెప్పారు? రాసుకోకపోతే ఇవాళ్టి నుంచి నాలుగు నెలలు రాయండి, ఆ తర్వాతే మనిషిని వెతకండి.

నా డైరీలో దసరా, దీపావళి ముందు, సంక్రాంతి ముందు ఇల్లు దులుపుకునే రోజుల్లో నెలకు ఇరవై దాకా కాదన్నాను. మాఘంలో, వైశాఖంలో గృహప్రవేశాలుంటాయి. మధురవాడ వైపు కొత్త ఫ్లాట్ల అద్దాల నిండా పెయింటు చుక్కలు, సిమెంటు మరకలు, స్టిక్కర్ల జిగురు. అప్పుడూ పన్నెండు, పదిహేను కాదన్నాను. ఆషాఢం పేజీ దగ్గర మాత్రం సున్నా. ముహూర్తాలు ఉండవు, వానలు మొదలవుతాయి, ఫోను మోగదు. జీతం ఎంత ఇవ్వగలనో నిర్ణయించింది ఆ ఆషాఢం పేజీయే. సంక్రాంతి ఆదాయం చూసి జీతం ఒప్పుకుంటే ఆషాఢంలో మెడలో గొలుసు తాకట్టుకు వెళ్తుంది.

నా లెక్క చెబుతాను, మీ అంకెలు వేసుకోండి. రెండు పడక గదుల ఫ్లాటుకు సగటున 1,800 రూపాయలు తీసుకుంటాను. పెట్రోలు, లిక్విడ్, రబ్బరు అరుగుదల పోతే 1,700 మిగులుతుంది. కుర్రాడి మీద జీతం, భోజనం, పెట్రోలు, పైన ఇచ్చేది అన్నీ కలిపి నెలకు 18,400 అవుతుందని తేలింది. 18,400ని 1,700తో భాగిస్తే పదకొండుకు కాస్త తక్కువ. అంటే అతని వల్ల నెలకు పదకొండు ఇళ్లు అదనంగా చేయగలిగితే ఖర్చు చెల్లినట్టే. కాదన్న పనుల సగటు పదమూడు దాటింది కాబట్టి ధైర్యం చేశాను. ఆషాఢం కోసం రెండు నెలల జీతం బ్యాంకులో విడిగా వేసి, ఆ పైనే పిలిచాను. ఈ రెండు నెలల డబ్బు లేకపోతే మనిషిని పెట్టుకోవద్దనే చెబుతాను. ఆ నెలలో జీతం ఆపామంటే వాడు మరి తిరిగి రాడు, రాకపోవడమే న్యాయం కూడా.

ఎంత ఇవ్వగలమో తేలాక ఎలా ఇవ్వాలన్నది అసలు చిక్కు.

మొదట కిటికీ లెక్కన ఇచ్చాను. కిటికీకి 40, బాల్కనీ గాజు తలుపుకు 70. పని ఎంతో డబ్బు అంత, గొడవ లేదనుకున్నాను. మొదటి వారం ఇద్దరికీ సంబరమే. ఒక రోజు ఇరవై రెండు కిటికీలు చేసి 880 పట్టుకెళ్లాడు.

రెండో వారంలో లాసన్స్ బే కాలనీలో సముద్రం వైపు మూడో అంతస్తు ఫ్లాటు. అక్కడి అద్దాలు చూసినవాళ్లకు తెలుసు, పాల మీగడలా ఉప్పు పేరుకుని ఉంటుంది. ముందు మంచినీళ్లతో తడిపి ఆ ఉప్పు కరిగించాలి, లేకపోతే దానిలోని ఇసుక గుడ్డ కింద నలిగి అద్దం మీద గీతలు పెడుతుంది. తర్వాత సబ్బు నీళ్లు. తర్వాత వైపరు పై నుంచి కిందికి. ఒక్కో గీతకూ రబ్బరు అంచును పొడిగుడ్డతో తుడుచుకోవాలి. ఆఖరున నాలుగు అంచులూ పొడిగా అద్ది, కింద తలుపు జరిగే గాడిలో బ్రష్షు పెట్టి ఇసుక, చచ్చిన దోమలు లాగేయాలి. కిటికీ లెక్కన డబ్బు తీసుకునేవాడికి రబ్బరు తుడవడం, అంచులు అద్దడం, గాడి శుభ్రం చేయడం, ఈ మూడూ దండగ పనులు. మూడూ మానేస్తే కిటికీకి నాలుగు నిమిషాలు మిగులుతాయి.

మధ్యాహ్నం పని ముగించి చూస్తే అద్దాలు తళతళలాడాయి. ఎండ అప్పటికి భవనం వెనక్కి వెళ్లిపోయింది కదా! మర్నాడు ఉదయం ఆరున్నరకు ఆ ఇంటావిడ ఫోను. "ఒకసారి వచ్చి చూడండమ్మా" అన్నారు, అంతే. వెళ్లాను. సముద్రం మీద నుంచి ఎండ నేరుగా అద్దానికి కొడుతోంది. అద్దం నిండా విల్లు ఆకారంలో చారలు. నాలుగు వైపులా గోరు వెడల్పున తెల్లటి ఉప్పు అంచు. తలుపు జరిపితే కరకరమని ఇసుక. ఆవిడ తిట్టలేదు, కాఫీ ఇచ్చారు. నేను కూర్చుని అన్నీ మళ్లీ తుడిచి వచ్చాను. దీపావళికి మాత్రం వేరేవాళ్లను పిలిచారని వాచ్‌మన్ చెప్పాడు.

కుర్రాడిని ఏమనగలను? నేను లెక్కకు డబ్బిచ్చాను, వాడు లెక్క చూపించాడు.

వాటా పద్ధతి సలహా ఏసీలు బాగుచేసే మా వీధి అన్నయ్యది. "పనికి 35 శాతం ఇచ్చేయండమ్మా, పని లేని రోజు మీకు బరువుండదు" అన్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ నెలలోనే మధురవాడలో ఒక విల్లాకు చూడకుండా ఫోనులోనే 2,200 చెప్పేశాను. వెళ్తే మెట్ల మీద రెండంతస్తుల ఎత్తు గాజు, ప్రతి కిటికీకీ స్క్రూలు బిగించిన దోమల జాలి. ఇద్దరికి రోజున్నర పట్టింది. వాటా పద్ధతిలో అతనికి వచ్చేది 770. రోజున్నరకు! బేరం చెప్పింది నేను, చూడకుండా చెప్పింది నేను, నష్టం మాత్రం వాడి జేబులోంచి పోవాలన్నమాట. ఆ విల్లా దగ్గరే వాటా ఆలోచన వదిలేశాను. ధర చెప్పడం, వాన పడటం, కస్టమరు చివరి నిమిషంలో వద్దనడం, ఇవేవీ పనివాడి చేతిలో లేవు. చేతిలో లేనిదానికి కూలి కోసే పద్ధతి ఏదైనా నాకు వద్దు.

రోజు కూలి ఇచ్చి కూడా నెల రోజులు చూశాను, 600 చొప్పున. వాన పడిన రోజు రావద్దన్నాను, కూలి ఇవ్వలేదు. వాడు పూర్ణా మార్కెట్లో మూటలు దింపడానికి వెళ్లాడు. మంచి ముహూర్తాల రోజుల్లో భోజనాల వడ్డనకు పిలుపు వస్తే నాకు నాగా. మనకు పని ఎక్కువగా ఉండేదీ ఆ రోజుల్లోనే. పని లేనప్పుడు వాడిని నేను వదిలేశాను, పని ఉన్నప్పుడు వాడు నన్ను వదిలేశాడు. తప్పెవరిది? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా హోటలు మూతపడింది. నెల జీతం వాళ్లకు జీతం పడింది, రోజు కూలి ఆడవాళ్లకు ఒక్క పైసా రాలేదు. వాళ్ల ఇళ్ల రేకులు కూడా ఎగిరిపోయాయి. అది కళ్లారా చూసిన నేనే రోజు కూలి పెట్టానంటే సిగ్గుగానే ఉంది.

చివరికి కుదిరింది ఇది. నెలకు 15,000 జీతం. ఆదివారం సెలవు. వాన పడినా, పని రద్దయినా జీతం జీతమే. ఆ రోజు గుడ్డలు ఉతకడం, వైపరు రబ్బర్లు మార్చడం, నిచ్చెన బోల్టులు బిగించడం చేస్తాం. చెప్పకుండా నాగా పెడితే నెల జీతాన్ని 26తో భాగించి ఒక రోజుది, అంటే 577, కోస్తాను. చెప్పి మానితే నెలకు ఒకటి కోయను.

దీనిపైన ఇంటికి 50 రూపాయలు. ఎన్ని కిటికీలన్న దానితో సంబంధం లేదు. మర్నాటి ఉదయం ఎండ అద్దాల మీద పడ్డాక కూడా ఆ ఇంటి నుంచి ఫిర్యాదు రాకపోతే ఆ 50 వాడిది. నెలకు ఇరవై ఎనిమిది ఇళ్లకు 1,400 దాకా వస్తుంది. ఇక్కడొక జాగ్రత్త. బోరు నీళ్ల మరకలు గాజులోకి దిగిపోయి ఉంటే ఎవరు తుడిచినా పోవు. అందుకే పని మొదలుపెట్టే ముందు అలాంటి అద్దాలను ఫోనులో ఫొటో తీసి ఇంటివాళ్లకు చూపిస్తాం. వాటి మీద వచ్చే ఫిర్యాదుకు వాడి 50 పోదు. ఈ పద్ధతి పెట్టిన మూడో వారంలో, సీతమ్మధారలో, నేను చెప్పకుండానే గాడిలో పాత టూత్‌బ్రష్షు పెట్టి తోముతూ కనిపించాడు.

భోజనం, పెట్రోలు కలిపి నెలకు 2,000 విడిగా ఇస్తాను. ఆరిలోవ నుంచి వాడి బండి మీదే వస్తాడు మరి. కస్టమర్లు చేతిలో పెట్టే టీ డబ్బులు వాడివి, నేను అడగను, లెక్కలోకి తీసుకోను.

ఎత్తుకు అదనంగా ఇవ్వను. ఈ ఒక్క విషయంలో నాతో వాదించినవాళ్లు చాలామంది. "పై అంతస్తు కిటికీకి వంద ఎక్కువ ఇస్తే సంతోషంగా చేస్తాడు" అంటారు. చేస్తాడు, సజ్జ మీదకు దిగి మరీ చేస్తాడు. నా భయం అదే. లోపలి నుంచి చేయి, కర్ర అందినంత వరకే మా పని. బయట వేలాడాల్సిన గాజు ఉంటే తాళ్లు, బెల్టులు ఉన్న పెద్ద కంపెనీలను పిలవమని చెప్పేస్తాం.

చట్టం సంగతి క్లుప్తంగా. ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనానికి తగ్గకూడదు. అందులో కరువు భత్యం ఏప్రిల్‌లో, అక్టోబరులో మారుతుంది కాబట్టి ఏటా రెండుసార్లు కార్మిక శాఖ ఉత్తర్వు చూసుకోండి. అదనపు గంటలకు రెట్టింపు రేటు. నెల జీతం తర్వాతి నెల ఏడో తేదీ దాటకూడదు. ఈఎస్ఐకి (కార్మికుల వైద్య బీమా) పదిమంది, పీఎఫ్‌కు (భవిష్య నిధి) ఇరవైమంది పనివాళ్లు ఉండాలి కనుక అవి ఇప్పుడు మన మీద పడవు. అలాగని వదిలేయకండి. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు. బ్యాంకుకు నేనే తీసుకెళ్లి రాయించాను. దానితో సరిపెట్టకుండా పనివాళ్ల ప్రమాద పరిహారం పాలసీ గురించి కూడా బీమా ఏజెంటును అడగండి.

"రెండు రోజులు ఊరికే చేసి చూపించు" అని మాత్రం అడగకండి. చూసే రెండు రోజులకూ సాయంత్రం చేతిలో డబ్బు పెట్టండి, నచ్చకపోయినా సరే.

డబ్బు ఎప్పుడు కావాలో వాడినే అడిగాను. "వారం వారం కొంత చేతికొస్తే కిరాణా కొట్లో అప్పు ఉండదు మేడమ్" అన్నాడు. అందుకని శనివారం బట్వాడా 1,000, మిగతాది ఒకటో తేదీ సాయంత్రం ఫోన్‌పేలో. అద్దె కట్టేది ఐదో తేదీన కాబట్టి ఏడు దాకా ఆగమనడం కుదరదు. అడ్వాన్సు సగం జీతం మించి ఇవ్వను, నెలకు 1,000 చొప్పున పట్టుకుంటాను. మేనకోడలి వోణీల ఫంక్షనుకని రెండో నెలలోనే 5,000 అడిగితే ఇచ్చాను. ఇవన్నీ ఒక తెల్ల కాగితం మీద తెలుగులో రాసి, ఇద్దరం సంతకం చేసి, చెరొక ప్రతి ఉంచుకున్నాం. వాడిది ఫోను కవరు వెనక మడత పెట్టి ఉంటుంది.

ఆ కాగితంలో రాయడం మరిచిపోయింది ఒకటుంది, జీతం ఎప్పుడు పెరుగుతుందన్నది. ఐదో నెలలో వాడే అడిగాడు. నేను పక్కన లేకుండా ఒక ఇల్లు మొత్తం ఒక్కడివే చేసి, మర్నాడు ఫోను రాకుండా పది ఇళ్లు దాటితే 16,500 అని అప్పుడు రాశాం. తొమ్మిదో ఇల్లు పాండురంగాపురంలో, తూర్పు వైపు ఫ్లాటు. మర్నాడు ఉదయం ఆరున్నర నుంచి ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నానని వాడికి చెప్పలేదు.