తాయ్ చీలో మోకాలి నొప్పి: తప్పు మోకాలిలో లేదు

లక్షణం

నెమ్మదైన కదలికలతో సాగే చైనా యుద్ధకళ తాయ్ చీ. 1956లో చైనా క్రీడా కమిషన్ అందులోని యాంగ్ శైలి నుంచి కుదించి రూపొందించిన 24 భంగిమల క్రమాన్ని నేర్చుకుని నాలుగైదు నెలలు గడిచాక, సాధన ముగించి మెట్లు దిగుతున్నప్పుడు మోకాలి లోపలి వైపు సన్నగా సలుపు మొదలవుతుంది. ఒక రోజు విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది, మళ్ళీ సాధన చేయగానే తిరిగి వస్తుంది. తొడ ముందు భాగంలో మంట పుడితే అది కండరం పని చేసినందుకు గుర్తు, దానికి దిగులు పడనక్కరలేదు. ఇక్కడ చెప్పేది కీలు లోపలి వైపు నొప్పి గురించి మాత్రమే. మోకాలు వాచినా, మధ్యలో బిగుసుకుపోయినా ముందు ఎముకల డాక్టరుకు చూపించుకోవాలి.

మొదట చూడవలసినది

అడిగిన ప్రతివారికీ చెప్పి చెప్పి విసుగొచ్చిన మాట ఒకటుంది: ముందు మీ పాదాల మధ్య ఎడం చూసుకోండి. ముందు మోకాలు వంచి వెనక కాలు చాపే విల్లు భంగిమలో రెండు మడమలు ఒకే గీత మీద ఉండకూడదు, వాటి మధ్య అడ్డంగా 10 నుంచి 30 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. చాలామంది తాడు మీద నడుస్తున్నట్టు అడుగులు వేసి, ఊగిసలాటను మోకాళ్ళతో ఆపుకుంటూ ఉంటారు. నేల మీద సుద్దతో గీత గీసి, పాదాలు దానికి అటూ ఇటూ పడుతున్నాయో లేదో చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు వెచ్చించకుండానే మోకాలి పట్టీలు కొని, నూనెలతో మర్దన చేయించుకుని, అవేవీ పని చేయలేదని చెప్పడానికి వస్తారు.

రెండోది, బరువు మోపిన కాలి మోకాలి చిప్ప ఆ పాదం వేళ్ళు చూస్తున్న వైపే చూడాలి. ముందు మోకాలు వేళ్ళను దాటకూడదన్న జాగ్రత్త అందరికీ తెలుసు, దాదాపు అందరూ పాటిస్తారు కూడా. ఆ ధ్యాసలో పడి వెనక కాలి సంగతి మరచిపోతారు.

అసలు కారణం

నా కుడి మోకాలు దాదాపు రెండేళ్ళు బాధించింది. డాబా మీది గరుకు సిమెంటు నేల వల్లనేమో అనుకుని చోటు మార్చాను, బూట్లు మార్చాను, భంగిమలు మరీ కిందికి దిగకుండా ఎత్తు పెంచాను. నొప్పి తొమ్మిదో భంగిమ అయిన సింగిల్ విప్ చివరలో, బరువు ఎడమ కాలి మీదికి చేరుతున్న క్షణంలో తెలిసేది కనుక, ఆ చివరి భాగాన్నే లెక్కలేనన్నిసార్లు దిద్దుకున్నాను. తోటి సాధకుడొకరు ఒకరోజు వెనక నుంచి చూసి, "మీ కుడి పాదం ఇంకా వచ్చిన వైపే చూస్తోందండీ" అన్నాక గాని నాకు విషయం బోధపడలేదు.

దక్షిణ ముఖంగా మొదలుపెట్టారనుకుందాం. సింగిల్ విప్‌కు ముందుండే ఎనిమిదో భంగిమ, అంటే కుడివైపు పిచ్చుక తోక పట్టే వరుస, పడమర ముఖంగా ముగుస్తుంది. అప్పుడు కుడి పాదం వేళ్ళు పడమరకే ఉంటాయి. సింగిల్ విప్ తూర్పు వైపు ముగియాలి. ఇంత పెద్ద మలుపు కోసం బరువును ఎడమ కాలి మీదికి జరిపి, ఖాళీ అయిన కుడి పాదాన్ని మడమ ఆధారంగా లోపలికి తిప్పాలి. చేతులు అప్పటికే ఎడమకు సాగిపోతుంటాయి కాబట్టి, వాటిని అందుకోవాలన్న తొందరలో చాలామంది పాదాన్ని నైరుతి దాకా తిప్పి అక్కడే వదిలేస్తారు. తర్వాత బరువు కుడి కాలికి తిరిగి వస్తుంది, కుడి చేయి కొక్కెంలా వంగుతుంది, ఎడమ కాలు తూర్పుకు అడుగు వేస్తుంది, నడుము దాని వెంట తిరుగుతుంది. వెనక పాదం నైరుతికి, ముందు పాదం తూర్పుకు: మధ్య తేడా 135 డిగ్రీలు. అందులో తుంటి కీలు భరించగలిగినంత భరిస్తుంది, మిగిలినదంతా మోకాలి మీద పడుతుంది. మోకాలు ప్రధానంగా తలుపు మడతబందులా ముడుచుకుని తెరుచుకునే కీలు, బరువు మోపి మెలిపెడితే లోపలి వైపు లాగక మానదు. నొప్పి సింగిల్ విప్ చివరలో తెలుస్తుంది గాని, తప్పు జరిగింది అంతకు మూడు కదలికల ముందు.

తాయ్ చీ ప్రాచీన రచనలలో ఒకచోట, వేరు పాదాలలో ఉంటుందని, నడుము నడిపిస్తుందని, ఫలితం చేతివేళ్ళలో కనిపిస్తుందని చెప్పిన తర్వాత, ఒళ్ళు చెదిరినట్టయితే ఆ లోపాన్ని నడుములోను కాళ్ళలోను వెతకమని ఉంది. మొదటి భాగాన్ని కంఠస్థం చేసి, రెండో భాగాన్ని అలంకారమనుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. యాంగ్ శైలి గురువు యాంగ్ చెంగ్‌ఫూ (1883–1936) చెప్పిన పది సూత్రాలలో నాలుగోదైన ఖాళీ కాలు, నిండు కాలు వేరుగా తెలియాలన్న మాట కూడా వేదాంతంలా వినిపిస్తుంది. ఇక్కడ దాని అర్థం మాత్రం చాలా మామూలుది, పాదాన్ని ఖాళీగా ఉన్నప్పుడే తిప్పాలి.

పరిష్కారం

చేతులు నడుముకు ఆనించి ఈ ఒక్క మలుపునే చేయండి. ఎనిమిదో భంగిమ చివర నిలబడి, కుడి పాదం వేళ్ళు ఏ ప్రయత్నమూ లేకుండా పైకి లేచేదాకా బరువును ఎడమకు జరపండి. తిప్పేటప్పుడు చెవి పెట్టి వినండి: బూటు అడుగు నేల మీద కీచుమంటే పాదం ఇంకా ఖాళీ కాలేదని అర్థం. వేళ్ళు కనీసం దక్షిణం దాకా రావాలి, తుంటి సహకరిస్తే ఇంకాస్త ఆగ్నేయానికి. ఎడమ కాలు అడుగు వేసి బరువు అటు పోతున్నప్పుడు కుడి మడమను వెనక్కి తోస్తే, వెనక పాదం చివరికి దాదాపు 45 డిగ్రీల దగ్గర కుదురుకుంటుంది.

దీనితోపాటు గజ్జ మడతను గమనించాలి. చైనా గురువులు క్వా అని పిలిచేది ఈ చోటునే. "నడుము తిప్పు" అనగానే మనం భుజాలు తిప్పేస్తాం, తుంటి బిగుసుకునే ఉంటుంది. కుడి కాలి మీద బరువు మోపి, వేళ్ళ కొసలను కుడి గజ్జలో పెట్టి, మెల్లగా కుడికి తిరగండి. మడత వేళ్ళను లోపలికి మింగాలి, మోకాలు కదలకూడదు. మడత లోతు కాకుండా మోకాలు పక్కకు జరిగితే, మీరు ఇన్నాళ్ళూ మోకాలితోనే తిరుగుతున్నారు. యాంగ్ చెంగ్‌ఫూ మూడో సూత్రం చెప్పే నడుము సడలింపు ఈ మడత దగ్గరే మొదలవుతుంది.

గుర్రపు జూలు విడదీసే భంగిమలోను ఇదే తప్పు ఎదురవుతుంది. తర్వాతి అడుగుకు ముందు, వెనక్కి కూర్చుని ముందు పాదాన్ని 45 నుంచి 60 డిగ్రీలు బయటికి తిప్పవలసి ఉండగా, నామమాత్రంగా తిప్పి దాని మీదే బరువు వేస్తారు.

ఇతర కారణాలు

మందపాటి రబ్బరు అడుగున్న పరుగు బూట్లు పాదాన్ని తిరగనివ్వవు, పలచనివి వాడండి. మరీ కిందికి దిగుతుంటే ఎత్తు పెంచండి. పాత దెబ్బలు, కీళ్ళ అరుగుదల డాక్టరు చూడవలసినవి. వీటి గురించి ఇంతకన్నా చెప్పనవసరం లేదు.

మార్పు తెలుసుకోవడానికి ఫోనును వెనక వైపు, నేల మట్టాన పెట్టి వీడియో తీయండి. ఎడమ మడమ నేలను తాకిన క్షణం దగ్గర ఆపి, కుడి పాదం వేళ్ళు ఎటున్నాయో చూడండి. దక్షిణం దాకా రాక ఇంకా పడమర వైపే ఉంటే మళ్ళీ ఎనిమిదో భంగిమ చివరకు వెళ్ళండి.